గరిటె తిప్పకూడని కుండ

మా నాన్న లౌరెన్స్ బాడెన్‌హార్స్ట్ పనిచేసినన్నాళ్ళూ కరూ అనే బీడు మైదానంలో మట్టిరోడ్లు చదును చేశాడు. పసుపుపచ్చ గ్రేడరు బండి, దాని వెనక చక్రాల మీద ఒక డబ్బా ఇల్లు, ఆ ఇంటి ముందు మూడు కాళ్ళ ఇనపకుండ. ఇవే ఆయన ఆస్తి. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చదును చేసి వెనక్కి తిరిగేసరికి మొదట్లో మళ్ళీ మట్టి అలలు లేచేవి. అయినా విసుక్కోకుండా మళ్ళీ బ్లేడు దించేవాడు. ఇప్పటికీ ఎవరి కారులో ఎక్కించినా కిటికీలోంచి రోడ్డు చూసి తీర్పులు చెప్తాడు.

"ఈ మలుపు తీసినోడికి ఆ పొద్దున పెళ్ళాంతో గొడవైంది. చూడు, బ్లేడు ఎంత కోపంగా దింపాడో."

పార్కిన్సన్స్ జబ్బు ముందు ఆయన కుడిచేతికి వచ్చింది, తర్వాత కాళ్ళకు, ఆ తర్వాత గొంతుకు. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఏదో చిన్న ఉండ చుడుతున్నట్టు ఆడుతూ ఉంటుంది. గొంతు పక్కగదికి కూడా వినపడదు. ముఖంలో నవ్వూ కోపమూ ఏదీ తెలియదు. ఇందువల్ల ఒక్క లాభం జరిగింది. ఆండ్రస్‌లో పేకాటలో ఆయన్ని ఓడించేవాళ్ళు లేకుండా పోయారు.

ఆండ్రస్ అంటే మోసెల్ బే ఊరి దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న మా పెద్దవాళ్ళ కాలనీ. తెల్లగోడల కాటేజీలు వరసగా ఉంటాయి. ఒక చివర భోజనాల హాలు, రెండో చివర పొట్టి ఇటుక భవనం. ఆ భవనానికి గోడ మీద మంచి పేరే రాసి ఉంది కాని అందరూ మంచాల వార్డు అనే అంటారు. అక్కడ పరుపులు మెత్తన, నర్సులు ఓపికమంతులు, సూపు మాత్రం రోజూ ఒకే రంగు. సాయంకాలం షికారుకు వెళ్ళేవాళ్ళు అటు వచ్చేసరికి తల తిప్పి సముద్రం చూస్తారు.

మా ఆయన డావిడ్ పోయినప్పటి నుంచి నేను ఊళ్ళో ఒక గది తీసుకుని ఉంటున్నాను. పొద్దున్నే బుట్టలో కూరగాయలు వేసుకుని నాన్న కాటేజీకి వెళ్తాను, వండి పెడతాను, సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాను. నాన్నని మంచాల వార్డుకు పంపితే వంట వాళ్ళే చేస్తారు. నేను ఆదివారం పూలు పట్టుకుని వెళ్ళి కాసేపు కుర్చీలో కూర్చుని రావాలి. అప్పుడు నేను ఎవరికి వండాలి? ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. నాన్నకు మాత్రం తెలుసనుకుంటాను, ఎందుకంటే ఆకలి లేని రోజు కూడా కంచం ఖాళీ చేసేవాడు.

తలుపుల దగ్గరే చిక్కు. గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. అవతల గదిలో అడ్డం ఏమీ ఉండదు, పడతానన్న భయమూ ఉండదు, కాళ్ళు మాత్రం రావు.

"ఇంజను తిరుగుతోంది, పెట్రోలు ఉంది. గేరే పడట్లేదు," అంటాడు నాన్న ఆ సన్నని గొంతుతో.

దీనికి మందు కనిపెట్టింది పక్క కాటేజీ టానీ హాంటీ. టానీ అంటే మా భాషలో అత్త. ఎనభై దాటిన మనిషి, బ్యాటరీ బండి మీద కాలనీ అంతా తిరుగుతుంది. వాళ్ళ మనవళ్ళు వదిలేసిన పింగ్‌పాంగ్ బ్యాటుకు ఒకవైపు ఎర్ర రంగు, ఒకవైపు ఆకుపచ్చ రంగు పూసింది. రోడ్డు పనులు జరిగేచోట బండ్లను ఆపే మనిషి దగ్గర ఉంటుందే, అలాంటిది. నాన్న గుమ్మంలో ఆగిపోగానే ఎదురుగా నిలబడి బ్యాటు ఆకుపచ్చ వైపు తిప్పేది.

"పదవయ్యా లౌరెన్స్, వెనక గొర్రెల లారీ హారన్ కొడుతోంది!"

అంతే, నాన్న కాలు లేచేది. జీవితమంతా ఆ రంగు చూసి కదిలిన కాలు కదా. తర్వాత ఆ బ్యాటును తలుపు పక్కన మేకుకు తగిలించాం. ఒకసారి ప్రార్థన చేయిద్దామని వచ్చిన మా పాస్టరుగారు దాని ఎర్రవైపు చూసి, లోపల స్నానం జరుగుతోంది కాబోలనుకుని ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.

మాత్రల సంగతి కాలనీ నర్సు సిస్టర్ జోద్వా చూస్తుంది. ఖోసా తెగ మనిషి, గట్టి గొంతు, కాలనీలో మగవాళ్ళందరినీ తాతా అని పిలుస్తుంది, అందరూ ఆమెకు భయపడతారు. మొదట్లోనే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"చూడు రీనీ, మాత్రా మాంసమూ కడుపులోంచి ఒకే తలుపులో దూరాలి. మాంసం లావు మనిషి, తోసుకుని ముందు పోతుంది. మాత్ర బయట వరండాలో నిలబడిపోతుంది. అందుకని పగలు మాంసం వద్దు, గుడ్డు వద్దు, చీజు వద్దు. అంతా రాత్రికి."

నాన్న ముఖంలో ఏమీ తెలియకపోయినా కళ్ళు మాత్రం గుండ్రంగా అయ్యాయి.

"ఇది జబ్బా, జైలా?" అన్నాడు.

"జైల్లో మాంసం పెడతారు తాతా," అంది సిస్టర్.

అప్పటి నుంచి పొద్దున్న రొట్టె, ఆప్రికాట్ జామ్. మధ్యాహ్నం గుమ్మడికాయ, బఠాణీలు, అన్నం. పొద్దు కుంకాక మాంసం. మా వాళ్ళలో గుమ్మడికాయ పెట్టి ఇదే భోజనం అంటే, అసలు భోజనం ఎప్పుడు వస్తుందని అడుగుతారు. అయినా నాన్న మాట వినేవాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్ర చక్కగా పట్టేది. చొక్కా గుండీలు కూడా తనే పెట్టుకునేవాడు. శనివారం వచ్చేసరికి ఏమయ్యేదో, మధ్యాహ్నానికి కొయ్యబారిపోయేవాడు. ఒక శనివారం భోజనాల హాలు గుమ్మంలో పడ్డాడు. ఆ తర్వాత ఇంకో శనివారం తన గుమ్మంలోనే పడి మోచెయ్యి కొట్టుకున్నాడు. నేను గుమ్మడికాయను అనుమానించాను. కొట్టు మార్చాను. గిన్నె మార్చాను. లాభం లేకపోయింది.

ఊమ్ స్కాల్క్ టెర్‌బ్లాంష్ మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు. పెద్దాయన గనక అందరూ ఊమ్, అంటే మామయ్యా, అంటారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాడు. ఇప్పటికీ జేబులో ఈల ఉంటుంది. ఆయనకూ నాన్నకూ రోజూ వాదన. రైలు గొప్పదా, రోడ్డు గొప్పదా అని. "రైలుకు దారి తప్పే తెలివి కూడా లేదు," అనేవాడు నాన్న. "నీ రోడ్ల మీద తిరిగే నా పళ్ళు కదిలాయి," అనేవాడు ఊమ్ స్కాల్క్. ఇంత పోట్లాడుకునీ శనివారం పొద్దున టీవీలో వచ్చే రగ్బీ ఆట మాత్రం ఇద్దరూ ఊమ్ స్కాల్క్ ఇంట్లో ఒకే సోఫా మీద కూర్చుని చూసేవాళ్ళు.

రెండోసారి పడ్డాక ఊమ్ స్కాల్క్ సిస్టర్‌ను వెంటబెట్టుకుని కాటేజీకి వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అలా టోపీ తీశాడంటే సంఘం పని మీద వచ్చాడన్నమాట.

"లౌరెన్స్, కాటేజీలో ఉండేవాళ్ళు తమ పని తాము చేసుకోగలగాలి. అది రూలు. నువ్వు పడుతున్నావు. రేపు పొయ్యి దగ్గర పడితే?"

"పడితే లేస్తాను," అన్నాడు నాన్న.

"ఎవరు లేపితే?"

నాన్న నావైపు చూశాడు. నేను టీ పోస్తున్నాను. సాసరులో ఒలికింది.

"నాన్నకు పంచదార కావాలా?" అని అడిగాను, ఇంకేమీ తోచక. మాలో కన్నతండ్రిని నువ్వు అనం, ఎదురుగా ఉన్నా ఇంకెవరి గురించో అడిగినట్టు నాన్నకు కావాలా అనే అంటాం. సిస్టర్‌కు ఇప్పటికీ ఇది నవ్వులాటే. ఇంకో నాన్న ఎక్కడున్నాడా అని వెతుకుతున్నట్టు మంచం కిందకు చూస్తుంది. ఆ రోజు చూడలేదు.

నాన్న కప్పు పక్కన పెట్టాడు. "హెరిటేజ్ డే కుండ వంట పోటీలో నా కుండ నేనే వండుతాను. నిప్పు నేనే వేస్తాను. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. అది చేస్తే నన్ను ఇక్కడ వదిలేస్తారా?"

ఊమ్ స్కాల్క్ సిస్టర్ వైపు చూశాడు. సిస్టర్ కాసేపు నాన్న చేతిని చూసింది.

"నేను పక్కనే ఉంటాను. కాల్చుకోబోతే మాత్రం ఆపేస్తాను," అంది.

"ఒంటరిగా," అన్నాడు ఊమ్ స్కాల్క్. "రీనీ కూడా రాకూడదు."

"నువ్వు రైలు నడిపినప్పుడు నీ కూతురు వచ్చిందా?" అన్నాడు నాన్న.

"నేను రైలు నడపలేదు. స్టేషన్ నడిపాను."

"అదే, కదలని ఉద్యోగం. నాకంటే ముందే నీకొచ్చింది ఈ జబ్బు."

మాకు చలికాలం వెనకబడే సెప్టెంబరులో వస్తుంది హెరిటేజ్ డే పండగ. ఆ రోజు పచ్చిక మీద కుండలు వరసగా కూర్చున్నాయి, పొట్టి కాళ్ళూ లావు బొజ్జలూ వేసుకుని. మా పోటీలో రూలు ఒక్కటే, అందరికీ తెలిసిందే. కుండలో గరిటె తిప్పకూడదు. అడుగున మాంసం, ఉల్లి. దాని మీద క్యారెట్టు, బంగాళదుంప. పైన పుట్టగొడుగులు. వరసలు వరసలుగానే మగ్గాలి. కావాలంటే పక్కనుంచి గరిటె దించి చుక్క పులుసు రుచి చూడొచ్చు. కలిపారా, అది కుండ వంట కాదు, మామూలు కూర. కలిపినవాడి పేరు ఏడాది పొడుగునా వినపడుతుంది.

ఊమ్ స్కాల్క్ నాన్న కుండ చుట్టూ సున్నంతో గీత గీశాడు. నేను గీత బయట నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏప్రన్ కింద పెట్టుకున్నాను. మాత్ర ఖాళీ కడుపున నేనే వేశాను. జామ్ రొట్టె తప్ప ఏమీ పెట్టలేదు.

నాన్న మొదలుపెట్టిన తీరు చూడాల్సిందే. కట్టెలు పేర్చాడు, ఒక్క అగ్గిపుల్లతో అంటించాడు, కొవ్వు కరిగించాడు, మటన్ తోక ముక్కలు ఎర్రగా వేయించాడు. కూరగాయలు వరస తప్పకుండా పేర్చాడు, రోడ్డు మీద కంకర పరిచినట్టు. మూత పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. నాకు ఊపిరి ఆడింది.

ఆ తర్వాత జనం పలకరించడానికి రావడం మొదలుపెట్టారు. మాటలు కలపకూడదని రూలు లేదు కదా. టానీ హాంటీ బండి గీత దాకా పోనిచ్చి వంగి ఏదో చెప్పింది. పాస్టరుగారు వచ్చి చెయ్యి కలిపాడు. తోటమాలి వచ్చాడు, పోస్టాఫీసావిడ వచ్చింది. ఊమ్ స్కాల్క్ అయితే పరీక్షగా చూసే వంకతో మూడు నాలుగుసార్లు లోపలికి వెళ్ళాడు. వచ్చినవాళ్ళంతా నాన్న భుజం తట్టి, జేబు దగ్గర కూడా ఓసారి తట్టి వెళ్తున్నారు. ప్రేమ అనుకున్నాను.

ఊమ్ స్కాల్క్ ఈల వేశాడు, చివరి రుచి చూసుకోవడానికి. నాన్న లేచాడు. లేవడమే నెమ్మదిగా లేచాడు. కొక్కెంతో మూత ఎత్తి పక్కన పెట్టాడు. పొడుగు గరిటె పక్కనుంచి దించాడు. అక్కడ ఆగిపోయాడు.

గరిటె కుండలో ఉంది. నాన్న కుండ మీదకు వంగి ఉన్నాడు. కాళ్ళు కదలవు, నడుము కదలదు, వేళ్ళు గరిటెను వదలవు. ఒక్క మణికట్టు మాత్రం ఆడుతోంది, ఆ చిన్న ఉండ చుడుతున్నట్టు. దాంతోపాటు గరిటె కూడా. గుండ్రంగా. కుండ అడుగుదాకా.

పచ్చిక మీద వాళ్ళంతా తమ కుండలు వదిలి ఇటు తిరిగారు.

"కలుపుతున్నాడు!" అంది ఎవరో ఆడమనిషి, దొంగను చూసినట్టు.

"కలపట్లేదు, వణుకుతున్నాడు," అంది టానీ హాంటీ.

"గరిటె తిరుగుతోందా లేదా?"

"తిరుగుతోంది. తిప్పేది ఆయన కాదు."

"మరెవరు, ప్రభుత్వమా?"

ఊమ్ స్కాల్క్ ఈల నోట్లో పెట్టుకున్నాడు కాని ఊదలేదు. "లౌరెన్స్! గరిటె తియ్యి!"

నాన్న పెదవులు కదిలాయి. గీత మీద నిలబడ్డ నాకే వినపడింది. "గేరు పడట్లేదు రీనీ."

పుట్టగొడుగులు కిందకు పోయి క్యారెట్టు పైకి వచ్చింది. టానీ హాంటీ బ్యాటు కోసం బండి తిప్పింది, కాని బ్యాటు కాటేజీ తలుపు దగ్గర వేలాడుతోంది. నేను గీత వైపు చూశాను. దాటితే ఒంటరిగా చేయలేకపోయాడని అవుతుంది. నాన్న ప్యాంటు అంచు నిప్పుల పక్కకు వచ్చింది. ఇంకో కుండ దగ్గర ఎవరి వేలో కాలితే చూడ్డానికి వెళ్ళిన సిస్టర్ జోద్వా అవతలి నుంచి పరుగెత్తుకు వస్తోంది, కాని ఆమె మంచి బరువైన మనిషి.

నేను దాటాను. నాన్న నడుము పట్టుకుని వెనక్కి లాగాను. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి గరిటె తీశాను. ఇద్దరం కలిసి పచ్చిక మీద కూలబడ్డాం. కూలబడగానే నాన్న కోటు జేబుల్లోంచి ఏవో జలజలా రాలాయి.

బిల్టాంగ్. నల్లగా ఎండిన మాంసం ముక్కలు. గొడ్డు మాంసం, జింక మాంసం, నిప్పుకోడి మాంసం, ధనియాలు అంటుకున్నవి, కారం అంటుకున్నవి. కుడి జేబులోవి, ఎడమ జేబులోవి, పై జేబులోవి. కొన్నింటి మీద పంటి గాట్లు కూడా ఉన్నాయి.

సిస్టర్ రొప్పుతూ వచ్చి ఒక ముక్క తీసి ఎండకు పట్టి చూసింది.

"ఇది ఎవరిచ్చారు?"

 అందరూ ఎవరి కుండ వైపు వాళ్ళు చూశారు.

"ఈ జింకది నాదే," అంది టానీ హాంటీ చివరికి. "బలానికని ఇచ్చాను. గుమ్మడికాయ తిని పోటీ గెలుస్తాడా మనిషి?"

"నేను ఒక్క ముక్కే..." అన్నాడు పాస్టరుగారు.

"తాతా, పొద్దుటి నుంచి ఎంత తిన్నావు?" అని నాన్నను అడిగింది సిస్టర్.

"లెక్కపెట్టలేదు," అన్నాడు నాన్న. "మర్యాదగా ఇస్తే మర్యాదగా తిన్నాను."

సిస్టర్ పచ్చిక మీద మా పక్కనే కూర్చుంది. "పడిన రోజులన్నీ శనివారాలే. శనివారం నువ్వెక్కడుంటావు?"

 నాన్న కళ్ళు మెల్లగా ఊమ్ స్కాల్క్ మీదకు వెళ్ళాయి. నా కళ్ళూ వెళ్ళాయి. ఊరందరి కళ్ళూ వెళ్ళాయి. ఊమ్ స్కాల్క్ మెడ దగ్గర మొదలై నెత్తి దాకా ఎర్రబడ్డాడు.

"రగ్బీ చూడ్డానికి మా ఇంటికొచ్చిన మనిషికి ఏం పెట్టమంటావు?" అని అరిచాడు. "క్యారెట్టు ముక్కలా?"

"ఎంత పెడతావు?"

"గిన్నెడు." కాస్త ఆగి, "గెలుస్తుంటే రెండు గిన్నెలు," అన్నాడు.

"అంటే నువ్వు తినిపిస్తావు, ఆయన పడతాడు, పడ్డాడని నువ్వే వచ్చి టోపీ తీసి కూర్చుంటావు," అంది టానీ హాంటీ. "స్టేషన్ కూడా ఇలాగే నడిపావా?"

నవ్వినవాళ్ళను లెక్కపెట్టడం కష్టం. నేను నవ్వలేదు. నాన్నని మంచాల వార్డుకు పంపుతారా లేదా, అది ఇంకా ఎవరూ చెప్పలేదు.

సిస్టరే చెప్పింది. మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, సంఘం వాళ్ళ వైపు తిరిగింది. "ఈ మనిషి పొద్దున నిప్పు వేశాడు, మాంసం వేయించాడు, మూత ఎత్తాడు. అది మాత్ర చేసిన పని. తర్వాత కొయ్యబారాడు. అది మీరు చేసిన పని. ఇవాళ్టికి కాటేజీలోనే ఉంచుదాం. ఒక షరతు. పొద్దు కుంకేదాకా మాంసం ముట్టకూడదు, ఎవరిచ్చినా సరే. రోజూ రీనీ జేబులు వెతుకుతుంది. తాతా, ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే నేనే దుప్పటి మడతపెట్టి వార్డుకు తీసుకెళ్తాను."

అందరూ నాన్న వైపు చూశారు.  ముఖంలో ఏమీ లేదు. ఆలోచిస్తున్నాడో, మళ్ళీ కొయ్యబారాడో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆయన ముంజేయి పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి నా చేతిలో ఆడుతూనే ఉంది.

"నాన్న ఒప్పుకుంటాడా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇద్దరి గొంతులూ ఒకటైపోయాయి ఆ రోజు.

నాన్న మెల్లగా తలెత్తి, ఇంకా ఎత్తుగా ఉన్న సూర్యుడి వైపు చూశాడు.

"ఇప్పుడు పొద్దు రోజురోజుకీ పొడుగవుతోంది," అన్నాడు. "ఈ పోటీ చలికాలంలో పెట్టుకోలేకపోయారా? జూన్‌లో అయితే తొందరగా కుంకేది."

"ఒప్పుకున్నట్టా?"

"రీనీ రాత్రి భోజనానికి ఉండాలి. ఒక్కణ్ణే తినను. అది నా షరతు."

ఊమ్ స్కాల్క్ టోపీ పెట్టుకున్నాడు. కుండను మాత్రం పోటీలోంచి తీసేశాడు. వణుకైనా, ఏదైనా, కలిపితే కలిపినట్టేనన్నాడు. నాన్న కూడా అది న్యాయమే అన్నాడు. ఆ తర్వాత అందరికంటే ముందు ఖాళీ అయింది ఆ కుండే. ఊమ్ స్కాల్క్ రెండుసార్లు వడ్డించుకున్నాడు, పోటీలో లేదు గనక తింటే పక్షపాతం కాదని చెప్పి.

ఇప్పుడు రోజూ పొద్దున తలుపు తీయగానే నాన్న చేతులు పైకెత్తి నిలబడతాడు. జేబులు తిరగేస్తాను. ఒక్కోసారి దొరుకుతుంది. ఎవరిచ్చారో చెప్పడు. శనివారం ఊమ్ స్కాల్క్ నిజంగానే గిన్నెలో క్యారెట్టు ముక్కలు పెడతాడు, ఇద్దరూ ఆటను తిట్టుకుంటూ నములుతారు.

బస్సు నేను చివరిదానికి మార్చుకున్నాను. సాయంత్రం కుండ పొయ్యి మీద పెట్టి రెండు కంచాలు తుడుస్తాను. నాన్న వరండాలో కూర్చుని పడమటి వైపు కాపలా కాస్తాడు.

"రీనీ, కుంకింది."

"నాన్నకు కుంకింది. నాకింకా కనపడుతోంది."

"సగం కుంకింది."

"అయితే సగం ముక్క తెస్తాను."

"ఎముకున్న సగం తే," అంటాడు.